ఏగోస్పొటామి, క్రీ.పూ. 405: నూట ఎనభై ఓడలు ఒడ్డునే ఎలా పోయాయి?

తీరరేఖ

అందరికీ నమస్కారం. ఏథెన్స్, స్పార్టాల మధ్య పెలొపొనీసియన్ యుద్ధం క్రీ.పూ. 431లో మొదలై 404లో ముగిసింది. ఏథెన్స్‌ని చివరికి ముంచింది 405లో హెల్లెస్‌పాంట్ జలసంధిలో, అంటే ఇప్పటి డార్డనెల్స్‌లో, ఏగోస్పొటామి దగ్గర జరిగిన ఘటన. అక్కడ ఏథెన్స్‌కి 180 ట్రైరీమ్‌లు, అంటే మూడు వరసల తెడ్ల యుద్ధనౌకలు, ఉన్నాయి. ఎదుటి ఒడ్డున లాంప్సాకస్‌లో స్పార్టా సేనాని లైసాండర్ ఉన్నాడు. నాలుగు రోజులు ఏథెన్స్ ఓడలు బారులు తీరి సవాలు చేశాయి, లైసాండర్ కదల్లేదు. ఐదో రోజు ఏథెన్స్ వాళ్లు వెనక్కి వచ్చి ఒడ్డున దిగాక ఒక్కసారి మీదపడి దాదాపు అన్నీ పట్టుకున్నాడు. తప్పించుకున్నవి తొమ్మిది.

నా ప్రశ్న: సముద్రం మీద డెబ్బై ఏళ్లుగా పెద్దరికం చేసిన నగరం ఇలా ఎలా దొరికిపోయింది? పుస్తకాల్లో సేనానుల నిర్లక్ష్యం అనో, ద్రోహం అనో రాసి వదిలేస్తారు. ఓడ వైపు నుంచి, తిండి వైపు నుంచి, డబ్బు వైపు నుంచి ఎవరైనా వివరంగా చెప్పగలరా?

ఓడలెక్క

మంచి ప్రశ్న తీరరేఖ గారూ. ముందు ఓడ కట్టుబడి చూడాలి, మిగతాదంతా అందులోంచే వస్తుంది.

ట్రైరీమ్‌లో మొత్తం 200 మంది. వాళ్లలో తెడ్డు వేసేవాళ్లు 170: పై వరసలో 62, మధ్య వరసలో 54, అడుగు వరసలో 54. మనిషికి ఒక తెడ్డు. మిగిలిన ముప్ఫైలో పదిమంది కవచధారులైన సైనికులు, నలుగురు విలుకాళ్లు, ఇక చుక్కాని పట్టేవాడు, తెడ్ల లయ చూసేవాడు, వేణువు ఊదేవాడు, ముందు భాగంలో నిలబడి నీటిని గమనించేవాడు, వడ్రంగి, తెరచాప పనివాళ్లు. అసలు ట్రైరీమ్ ఒక్కటీ మనకు దొరకలేదు. ఏథెన్స్ రేవు పిరయస్‌లోని ఓడశాలల పునాదుల కొలతలు, శాసనాలు, బొమ్మలు చూసి 1985–87లో గ్రీసులో 'ఒలింపియాస్' అనే నమూనా ఓడ కట్టారు. అది 36.9 మీటర్ల పొడవు, సుమారు 5.5 మీటర్ల వెడల్పు. ఆ జాగాలో రెండు వందల మందిని ఊహించుకోండి.

పడుకోవడానికి చోటు లేదు, వండుకోవడానికి చోటు లేదు. సరుకు పెట్టుకునే అర ఏదీ లేదు. ఓడ మొత్తం ఒకే పనికి కట్టారు: ముందున్న కంచు ముక్కుతో ఎదుటి ఓడ పక్కను బద్దలు కొట్టి వెంటనే వెనక్కి లాక్కోవడం. దానికి వేగం కావాలి, వేగానికి తేలిక కావాలి, తేలిక కోసం మిగతావన్నీ వదులుకున్నారు. అందుకే ఓడ బయటి గుల్ల ఫర్ అనే తేలిక కలపతో, అడుగు దూలం మాత్రం ఓక్‌తో కట్టేవారు. మాటిమాటికీ ఒడ్డు మీదికి లాగే ఓడ కాబట్టి అడుగు గట్టిగా ఉండాలి. ఒడ్డుకు ఎక్కించేటప్పుడు తక్కువలో తక్కువ 140 మంది, నీళ్లలోకి దింపేటప్పుడు 120 మంది పట్టాలని ఏథెన్స్ శాసనం ఒకటి నిర్ణయించింది.

నీళ్ల లెక్క ఇంకా ముఖ్యం. ఒలింపియాస్ పరీక్షల్లో తేలిందేమిటంటే, గట్టిగా తెడ్డు వేసే మనిషికి గంటకు సుమారు లీటరు నీళ్లు కావాలి. ఐదు గంటలు వేస్తే 170 మందికి 850 లీటర్లు. ఆ బరువు మోసుకుంటూ పోరాడలేరు. కాబట్టి రోజుకు కనీసం రెండుసార్లు ఒడ్డు చేరాలి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి. ట్రైరీమ్ దళానికి ఒడ్డు లేకపోతే పని జరగదు.

దక్షిణగాలి

తెడ్లు వేసేవాళ్లు గొలుసులతో కట్టేసిన బానిసలు కదా? దిగి వెళ్లనివ్వకుండా ఉంచితే సరిపోయేదేమో.

ఓడలెక్క

కాదండీ. గొలుసుల తెడ్లవాళ్లు చాలా శతాబ్దాల తర్వాతి మధ్యధరా ఓడల సంగతి. ఏథెన్స్ తెడ్లవాళ్లు ఎక్కువగా పొలం పుట్ర లేని పేద పౌరులు, అక్కడే స్థిరపడిన పరదేశులు, కూలికి వచ్చిన ద్వీపాల మనుషులు. బానిసలు కొంతమంది ఉండేవారు. 406లో ఆర్గినూసే యుద్ధానికి 30 రోజుల్లో 110 ఓడలు సిద్ధం చేసినప్పుడు బానిసల్ని పెద్ద ఎత్తున ఎక్కించి వాళ్లకు స్వేచ్ఛ ఇచ్చారు. మామూలు రోజుల్లో తెడ్డు వేయడం జీతం వచ్చే నైపుణ్యం. తన తెడ్డు, కూర్చునే మెత్త, తెడ్డు కట్టుకునే తోలు పట్టీ ఎవరివి వారికి ఉండేవి.

ద్రాఖ్మా

జీతం మాట వచ్చింది కాబట్టి నేను అందుకుంటాను. ఈ పోటీ నగరాల చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క ఇదే.

6 ఒబోల్‌లు ఒక ద్రాఖ్మా. 100 ద్రాఖ్మాలు ఒక మినా. 60 మినాలు ఒక టాలెంట్. మనిషికి రోజుకు ఒక ద్రాఖ్మా చొప్పున 200 మందికి 30 రోజులు ఇస్తే 6,000 ద్రాఖ్మాలు, సరిగ్గా ఒక టాలెంట్. అంటే ఒక ఓడ, ఒక నెల, ఒక టాలెంట్. క్రీ.పూ. 415లో సిసిలీకి రమ్మని సెగెస్టా నగరం ఏథెన్స్‌కి తెచ్చి చూపించిన వెండి 60 టాలెంట్లు, 60 ఓడలకు ఒక నెల జీతం. ఇంకా బోలెడు ఉందని చెప్పారు. ఏథెన్స్ దళం అక్కడికి చేరాక తేలిందేమిటంటే వాళ్ల దగ్గర మిగిలినవి 30 టాలెంట్లే.

యుద్ధం మొదట్లో ఏథెన్స్ చేతిలో ఉన్నవి: నగరంలోని కొండకోట అక్రోపొలిస్ మీద 6,000 టాలెంట్ల నిల్వ, మిత్రనగరాల నుంచి ఏటా సుమారు 600 టాలెంట్ల కప్పం, నీళ్లలోకి దింపదగ్గ 300 ట్రైరీమ్‌లు. వినడానికి చాలా ఎక్కువ. కానీ 100 ఓడల్ని ఎనిమిది నెలలు ద్రాఖ్మా జీతం మీద తిప్పితే 800 టాలెంట్లు పోతాయి. తిరగబడిన పొటిడియా నగరం ఒక్కదాని ముట్టడికే 2,000 టాలెంట్లు అయ్యాయి. ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ 1,000 టాలెంట్లు, ఏటా నూరు మంచి ఓడలు విడిగా పెట్టించి, పిరయస్ మీదకు శత్రు నౌకాదళం వస్తే తప్ప వాటిని ముట్టుకోవాలన్నవాడికి మరణశిక్ష అని తీర్మానం చేయించాడంటే ఈ లెక్క ఆయనకు బాగా తెలిసే.

ఇక అసలు సంగతి. యుద్ధానికి ముందే కొరింథ్ వాళ్లు స్పార్టా కూటమి సభలో ఒక సలహా ఇచ్చారు: డెల్ఫీ, ఒలింపియా ఆలయాల నిధుల నుంచి అప్పు తెచ్చి, ఏథెన్స్ దగ్గర కూలికి పనిచేసే పరదేశీ తెడ్లవాళ్లకు ఎక్కువ జీతం ఆశ చూపి లాగేద్దాం. పెరిక్లీస్ దానికి జవాబుగా మా చుక్కానిదారులు మా పౌరులే, అవసరమైతే మేమూ మా దగ్గరి పరదేశులూ ఎక్కుతాం అన్నాడు. అప్పటికి అది నిజమే. కొరింథ్ సలహా అమలు కావడానికి పాతికేళ్లు పట్టింది, అదీ పర్షియా డబ్బుతో.

క్రీ.పూ. 407లో పర్షియా రాకుమారుడు సైరస్ 500 టాలెంట్లతో వచ్చాడు. ఒప్పందం ప్రకారం ఓడకు నెలకు 30 మినాలు, అంటే మనిషికి రోజుకు 3 ఒబోల్‌లు. లైసాండర్ విందులో అడిగిన వరం ఏమిటంటే ప్రతి మనిషికి ఇంకొక ఒబోల్. ఆ రోజు నుంచి జీతం 4 ఒబోల్‌లు అయింది, పాత బకాయిలూ ఒక నెల ముందస్తూ చేతికిచ్చారు. కూలి తెడ్లవాడికి 3 ఒబోల్‌ల ఓడ, 4 ఒబోల్‌ల ఓడ ఎదురెదురుగా ఉంటే ఎటు వెళతాడు? ఏథెన్స్ నౌకాదళంలో చివరి మూడేళ్ల బలహీనతకు ఈ ఒక్క ఒబోల్ ముఖ్య కారణం అని నా గట్టి అభిప్రాయం.

కంచుముక్కు

డబ్బు సరే. కానీ ఏగోస్పొటామిలో ఏథెన్స్ ఓడలు ఆ రోజు బారులు తీరడానికి సరిపడా మనుషులతోనే ఉన్నాయి. నాలుగు రోజులూ 180 ఓడలు బయటికి వచ్చాయి కదా. ఐదో రోజు వాళ్లు దేని కోసం చెదిరిపోయారో చూడండి, భోజనం కోసం. ఇదే తరహాలో అంతకుముందు రెండుసార్లు దెబ్బ తిన్నారు. మూడూ పక్కపక్కన పెడితే బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది.

మొదటిది సిసిలీలో ఏథెన్స్ దండెత్తిన నగరం సిరక్యూజ్, క్రీ.పూ. 413. మహారేవులో పొద్దుటి నుంచి రెండు వైపులా ఓడలు ఒకదాన్నొకటి పరీక్షించుకుంటున్నాయి. సిరక్యూజ్ పక్షాన ఉన్న కొరింథ్ చుక్కానిదారు అరిస్టన్ ఒక ఉపాయం చెప్పాడు: ఊళ్లో అమ్మకానికి ఉన్న తిండి సరుకంతా సముద్రం ఒడ్డుకు తరలించండి, అమ్మేవాళ్లను బలవంతంగానైనా అక్కడికే తెప్పించండి, మనవాళ్లు ఓడల పక్కనే తిని మళ్లీ ఎక్కేస్తారు. అలాగే చేశారు. సిరక్యూజ్ ఓడలు హఠాత్తుగా వెనక్కి తిరిగాయి. ఇవాళ్టికి పని అయిపోయింది అనుకుని ఏథెన్స్ వాళ్లు తీరిగ్గా దిగి వంట ఏర్పాట్లలో పడ్డారు. అంతలో సిరక్యూజ్ దళం తిని, ఎక్కి, మీదికొచ్చింది. ఏథెన్స్ వాళ్లలో ఎక్కువమంది ఖాళీ కడుపుతోనే తెడ్లు పట్టారు. పైగా సిరక్యూజ్ వాళ్లు ఓడల ముందు భాగాల్ని కురచ చేసి, పక్క దుంగల్ని మందం చేసి, ముఖాముఖి ఢీకొట్టేలా మార్చుకున్నారు. ఇరుకు రేవులో ఏథెన్స్‌కు చుట్టి తిరిగే చోటు లేదు. ఏడు ఓడలు మునిగాయి, ఇంకా చాలా ఓడలు పాడయ్యాయి. ఓటమి చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ఏథెన్స్‌ను సముద్రం మీద ఓడించవచ్చు అని సిరక్యూజ్ మొదటిసారి నమ్మింది అప్పుడే.

రెండోది ఎరెట్రియా, 411. ఎదుటి తీరంలో ఒరోపస్‌లో స్పార్టా సేనాని అగెసాండ్రిడాస్ ఉన్నాడు, మధ్యలో దూరం 60 స్టేడియాలు, అంటే పది పదకొండు కిలోమీటర్లు. ఎరెట్రియా వాళ్లు పైకి ఏథెన్స్ మిత్రులు, లోపల తిరుగుబాటుకు సిద్ధమయ్యారు. ఆ రోజు సంతలో ఏమీ అమ్మకుండా చేశారు. ఏథెన్స్ తెడ్లవాళ్లు ఊరి చివర ఇళ్ల దాకా పోయి తిండి కొనుక్కోవలసి వచ్చింది. ఎరెట్రియా నుంచి ఒరోపస్‌కు సంకేతం వెళ్లింది. అగెసాండ్రిడాస్ తన వాళ్లకు ముందే భోజనం పెట్టించి బయల్దేరాడు. ఏథెన్స్ దగ్గరున్నవి 36 ఓడలు, పోయినవి 22. దాని వెంటే యుబియా ద్వీపంలో ఓరియస్ తప్ప మిగతాదంతా చేజారింది. ఏథెన్స్ దగ్గరి డెకెలియాలో స్పార్టా సైన్యం కూర్చున్నాక ఏథెన్స్‌కు తిండి వచ్చే దగ్గరి దారి యుబియా. సిసిలీ పరాజయం కంటే ఈ వార్తకే ఎక్కువ బెదిరిపోయారని ఆ కాలపు చరిత్రకారుడు థ్యూసిడిడీస్ రాశాడు.

మూడోది ఏగోస్పొటామి.

మూడు చోట్లా గెలిచినవాళ్లు ముందు తమ వాళ్లకు అన్నం పెట్టారు, ఎదుటివాళ్లకు అన్నం దూరం చేశారు. అంతకుమించిన రహస్యం ఏమీ లేదు.

తీరరేఖ

కంచుముక్కు గారూ, చాలా బాగుంది. ఎరెట్రియా సంగతి ఎక్కడా ఇలా విడదీసి చెప్పలేదు. ఏగోస్పొటామికి తిండి, జాగా ఎంత కావాలో లెక్క వేయవచ్చా?

ద్రాఖ్మా

వేయవచ్చు. 180 ఓడలు, ఓడకు 200 చొప్పున 36,000 మంది. మనిషికి రోజుకు ఒక ఖోయినిక్స్ గోధుమలు అప్పటి సాధారణ కొలత. 48 ఖోయినిక్స్‌లు ఒక మెడిమ్నస్, అంటే రోజుకు 750 మెడిమ్నస్‌లు. మెడిమ్నస్ గోధుమలు 40 కిలోల చుట్టూ తూగుతాయి. మొత్తం రోజుకు 30 టన్నులు. దీనికి కట్టెలు, నీళ్లు అదనం. ఓడకు 8 మీటర్ల జాగా చొప్పున వెనక భాగం ఒడ్డుకు ఆనించి నిలిపినా తీరం దాదాపు కిలోమీటరున్నర సాగుతుంది. తిండికి నడిచి వెళ్లిన మనిషిని వెనక్కి పిలవడం ఆలస్యం కావడానికి ఆ పొడవే చాలు.

అక్కడ ఊరు లేదు, రేవు లేదు, సంత లేదు. సరుకంతా అదే తీరంలోని రేవు పట్టణం సెస్టోస్ నుంచి రావాలి. ఆ కాలపు చరిత్రకారుడు జెనోఫన్ ఆ దూరం 15 స్టేడియాలు, అంటే మూడు కిలోమీటర్ల లోపు అని రాశాడు. పటం మీద చూస్తే అంతకంటే చాలా ఎక్కువే. జలసంధి వెడల్పుకూ ఆయన అదే 15 అంకె ఇచ్చాడు, మరి రెండూ కలిసిపోయాయేమో.

దక్షిణగాలి

ఒక్క అభ్యంతరం. 427లో, ఏథెన్స్ మీద తిరగబడి లొంగిన మైటిలీనీ నగరానికి పంపిన రెండో ఓడ వాళ్లు తెడ్డు వేస్తూనే తిన్నారు కదా? ఊరి మగవాళ్లందరినీ చంపమని మొదటి ఓడలో ఆజ్ఞ వెళ్లింది, మర్నాడు మనసు మార్చుకుని రెండో ఓడ పంపారు. ఒడ్డు ఎక్కకుండానే చేరగలిగారు. అలాంటప్పుడు ఒడ్డు తప్పనిసరి అని ఎలా అంటాం?

ఓడలెక్క

ఆ ఉదంతాన్ని థ్యూసిడిడీస్ ప్రత్యేకంగా రాయడమే మీ ప్రశ్నకు జవాబు. అది అరుదైన పని. మొదటి ఓడకు ఒక పగలూ రాత్రీ ముందడుగు ఉంది. రెండో ఓడ వాళ్లకు ఏథెన్స్‌లో ఉన్న మైటిలీనీ దూతలు బార్లీ పిండి, ద్రాక్షసారా సమకూర్చి, ముందుగా చేరితే పెద్ద బహుమతులిస్తామన్నారు. పిండిని సారాతో, నూనెతో కలిపి ముద్దలుగా తింటూ తెడ్డు వేశారు. వంతులవారీగా కొందరు నిద్రపోతే కొందరు లాగారు. దారి 340 కిలోమీటర్ల చిల్లర. ఎదురుగాలి తగల్లేదు. సేనాని పాకేస్ మొదటి ఆజ్ఞ చదివి అమలు చేయబోతుండగా చేరారు.

గమనించవలసింది రెండు. ఒకటి, వంతులవారీగా నిద్రపోతున్నారంటే ఏ సమయంలోనూ 170 తెడ్లూ పని చేయడం లేదు. ప్రయాణానికి అది చాలు, పోరుకు చాలదు. రెండు, అది ఒంటరి ఓడ, ఒక్కసారి ప్రయాణం. 180 ఓడలతో వారం రోజులు అలా ఉండలేరు.

పాతరేవు

ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది: ఓడను ఆరబెట్టడం. ఏథెన్స్ ఓడలన్నీ ప్రతి అవకాశంలోనూ ఒడ్డుకు ఎందుకు ఎక్కేవి అన్నది తిండితో మాత్రమే ముడిపడలేదు.

ఫర్ కలప నీళ్లు పీల్చుకుంటుంది. ఎక్కువ రోజులు నీటిలో ఉంటే ఓడ బరువెక్కి వేగం పడిపోతుంది, కలపను తొలిచే పురుగు పడుతుంది. అందుకే పిరయస్‌లో పైకప్పుతో ఓడశాలలు కట్టారు. క్రీ.పూ. నాలుగో శతాబ్దం శాసనాల్లో జియా రేవులో 196, కాంథరస్‌లో 94, మ్యునీకియాలో 82, మొత్తం 372 ఓడశాలల లెక్క ఉంది. ఒక్కొక్కటీ ఆరు మీటర్ల వెడల్పు, నలభై మీటర్లకు దగ్గరి పొడవు, నీళ్ల వైపు వాలు. ఇంత ఖర్చు కేవలం ఓడల్ని పొడిగా ఉంచడానికే.

అది తప్పితే ఏమవుతుందో సిసిలీ నుంచి 414 చివర్లో ఏథెన్స్ సేనాని నికియాస్ రాసిన ఉత్తరంలో ఉంది. ఓడలు నీళ్లు పీల్చుకుని బరువెక్కాయి. ఒడ్డుకు ఎక్కించి ఆరబెట్టుకుందామంటే శత్రువు ఓడలు మనతో సమానంగా ఉన్నాయి, ఏ క్షణాన వస్తారో తెలియదు. వాళ్లకు మాత్రం ఆరబెట్టుకునే తీరిక ఉంది. కట్టెలకూ నీళ్లకూ దూరం వెళ్లిన తెడ్లవాళ్లను సిరక్యూజ్ గుర్రపు దళం చంపుతోంది. బానిసలు పారిపోతున్నారు. కూలికి వచ్చినవాళ్లు వెళ్లిపోతున్నారు, కొందరైతే హైకరా అనే ఊళ్లో పట్టుబడ్డ బానిసల్ని కొని తమ బదులు ఓడ ఎక్కించమని కెప్టెన్లను ఒప్పించుకుంటున్నారు. ఒక గొప్ప నౌకాదళం యుద్ధం చేయకుండానే ఎలా క్షీణిస్తుందో ఇంత నిక్కచ్చిగా రాసిన ఉత్తరం నేను ఇంకొకటి చూడలేదు.

ఎక్కువ ఎండినా ప్రమాదమే. 429 శీతాకాలంలో స్పార్టా కూటమి పిరయస్ మీద ఆకస్మిక దాడికి పథకం వేసింది. ప్రతి తెడ్లవాడూ తన తెడ్డు, మెత్త, తోలు పట్టీ భుజాన వేసుకుని కొరింథ్ నుంచి మెగారా దాకా నడిచాడు. అక్కడి రేవు నిసేయాలో చాలాకాలంగా ఖాళీగా పడి ఉన్న 40 ఓడల్ని రాత్రికి రాత్రి దింపారు. ఎండిపోయిన పలకల కీళ్లు విచ్చుకుని నీళ్లు కారాయి. ధైర్యం చాలక, గాలి కూడా అడ్డొచ్చిందని చెప్పుకుని, పిరయస్ వదిలేసి సలామిస్‌ను దోచుకున్నారు. ఏథెన్స్‌కు అగ్ని సంకేతాలు అందేసరికి నగరమంతా గగ్గోలు. తెల్లవారి ఏథెన్స్ ఓడలు రాగానే తిరుగుముఖం పట్టారు. పిరయస్ నోరు అంతవరకు కాపలా లేకుండా తెరిచే ఉండేది. ఆ తర్వాత మూసి కాపలా పెట్టారు. పథకం చాలా మంచిది, చెడింది కలప దగ్గర.

కంచుముక్కు

పాతరేవు గారు చెప్పినదానికి తోడు, ఓడ పొడిగా, మనుషులు సాధనలో ఉంటే ఏథెన్స్ ఎలా ఉండేదో కూడా రాయాలి. అదే 429లో కొరింథ్ అఖాతం ముఖద్వారం బయట ఏథెన్స్ సేనాని ఫోర్మియో దగ్గర 20 ఓడలు, ఎదుటి వైపు స్పార్టా కూటమివి 47. వాళ్లు ముక్కులు బయటికి పెట్టి గుండ్రంగా నిలిచారు, మధ్యలో చిన్న పడవలు. ఫోర్మియో ఒకే వరసలో వాళ్ల చుట్టూ తిరుగుతూ, తగులుతాయేమో అన్నంత దగ్గరగా పోతూ వలయాన్ని ఇరుకు చేశాడు. తెల్లవారుజామున అఖాతం నుంచి గాలి లేస్తుందని ఆయనకు తెలుసు. లేచింది. పెలొపొనీసియన్ ఓడలు ఒకదానికొకటి తగిలాయి, కర్రలతో నెట్టుకుంటూ అరుపుల్లో ఆజ్ఞలు వినపడలేదు, అలల్లో తెడ్లు పైకెత్తడం చేతకాలేదు. అప్పుడు కొట్టాడు. 12 ఓడలు పట్టుకున్నాడు. అక్కడ గెలిపించింది స్థానిక గాలి గురించిన జ్ఞానం, ఏళ్ల సాధన. కూలి ఎక్కువిచ్చి రాత్రికి రాత్రి కొనగలిగింది కాదది.

వాలుబల్లెం

స్పార్టా వైపు నుంచి ఒక మాట. ఈ చర్చలో అంతా ఏథెన్స్ ఎందుకు ఓడింది అనే అంటున్నారు. స్పార్టా ఎలా నేర్చుకుంది అన్నది కూడా అంతే పెద్ద ప్రశ్న.

వాళ్ల వ్యవస్థ నౌకాదళానికి పనికొచ్చేది కాదు. పౌరుడు కావాలంటే సామూహిక భోజనశాలకు నెలనెలా బార్లీ, సారా, జున్ను, అత్తిపళ్లు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే పౌరహక్కు పోతుంది. దానివల్ల పౌరుల సంఖ్య తగ్గుతూనే వచ్చింది. 480లో ఎనిమిది వేలు అని చరిత్రకారుడు హెరొడోటస్ లెక్క. 371లో ల్యూక్ట్రా యుద్ధంలో నిలిచింది 700 మంది, వాళ్లలో 400 మంది పోయారు. అలాంటి నగరం తన పౌరుల్ని తెడ్ల మీద కూర్చోబెట్టలేదు. 425లో స్ఫాక్టీరియా ద్వీపంలో 292 మంది బందీలైతే, అందులో పూర్తి పౌరులు సుమారు 120 మందే, వాళ్ల కోసం శాంతి అడుక్కున్నారు. ఓడలూ మనుషులూ కొరింథ్ వంటి మిత్రుల నుంచీ, కూలి మార్కెట్ నుంచీ రావాలి, డబ్బు పర్షియా నుంచి రావాలి.

ఇంకో చిక్కు నౌకాధిపతి పదవి. ఏడాది కాలం, రెండోసారి ఇవ్వరు. సైరస్‌తో స్నేహం కుదిర్చిన లైసాండర్ 406లో దిగిపోవలసి వచ్చింది. తర్వాత వచ్చిన కాలిక్రటిడాస్ పర్షియా వాకిట్లో పడిగాపులు కాయడం అవమానంగా భావించాడు, ఆర్గినూసేలో సముద్రంలో పడి చనిపోయాడు. మిత్రులు లైసాండరే కావాలన్నారు. అప్పుడు స్పార్టా చట్టం ముట్టుకోకుండా అరాకస్ అనే ఆయన్ని నౌకాధిపతిగా, లైసాండర్‌ను ఆయన సహాయకుడిగా పంపింది. అధికారం మొత్తం లైసాండర్ చేతిలో. కరడుగట్టిన సంప్రదాయవాద నగరం అవసరానికి తన నియమాన్ని ఎంత నేర్పుగా వంచిందో చూడండి.

అదే ఏడాది ఏథెన్స్ ఏం చేసింది? ఆర్గినూసేలో గెలిచిన ఎనిమిది మంది సేనానుల మీద, తుపానులో మునుగుతున్నవాళ్లను రక్షించలేదని విచారణ పెట్టి, దొరికిన ఆరుగురిని చంపేసింది. ఏగోస్పొటామి సేనానులకు వెనక్కి తగ్గే ధైర్యం ఎందుకు లేదో ఇందులో కొంత జవాబు ఉందని నమ్ముతాను.

తీరరేఖ

అయితే వాళ్లు సెస్టోస్‌కే పోయి ఉంటే సరిపోయేది కదా? పదవి పోయిన పాత ఏథెన్స్ సేనాని ఆల్సిబయాడిస్ తన కోట నుంచి గుర్రం మీద వచ్చి, రేవూ ఊరూ ఉన్న సెస్టోస్‌కు వెళ్లండి అని చెప్పాడంటారు. ఎందుకు వినలేదు?

ఓడలెక్క

టైడ్యూస్, మెనాండర్ అనే ఇద్దరు సేనానులు 'ఇప్పుడు సేనానులం మేం, నువ్వు కాదు' అని పొమ్మన్నారు. కానీ దురుసుతనం పక్కనపెట్టి, సెస్టోస్ వెళితే ఏమిటి నష్టం అని ఆలోచిస్తే వాళ్ల చిక్కు అర్థమవుతుంది.

హెల్లెస్‌పాంట్‌లో నీరు మర్మరా సముద్రం నుంచి ఏజియన్ వైపు పారుతుంది. వేసవిలో గాలి కూడా ఎక్కువగా అటు నుంచే. లాంప్సాకస్ ఎగువన, సెస్టోస్ దిగువన. సెస్టోస్‌లో ఉంటే ప్రతి ఉదయం ప్రవాహానికి ఎదురు గంటల తరబడి తెడ్డు వేసి, అలసిపోయి, అప్పుడు పోరాడాలి. ఈలోపు లైసాండర్ ఎగువకు వెళ్లి నల్లసముద్రం నుంచి వచ్చే ధాన్యం ఓడల్ని అడ్డుకోవచ్చు. ఏథెన్స్ బతికేది ఆ ధాన్యం మీద. పైగా నిల్వ డబ్బు లేదు, 36,000 మందికి జీతం రోజూ పెరుగుతోంది, పోరు త్వరగా ముగియాలి. లైసాండర్‌కు తొందర లేదు, ఊరు ఉంది, సంత ఉంది, సైరస్ వెండి ఉంది. ఎదురుగా నిలబడి కవ్వించడం తప్ప వేరే దారి లేదనుకున్నారు. నా మటుకు అది ప్రమాదకరమైన నిర్ణయమే కానీ మూర్ఖత్వం కాదు. మూర్ఖత్వం ఏమిటంటే, ఒడ్డున దిగాక కాపలా ఓడల్ని నీళ్లలో ఉంచకపోవడం.

లైసాండర్ మాత్రం ఆ జాగ్రత్త తీసుకున్నాడు. ప్రతి సాయంత్రం ఏథెన్స్ ఓడల వెనకే వేగమైన ఓడల్ని పంపి, వాళ్లు దిగి ఏం చేస్తున్నారో చూసి వచ్చేదాకా తన మనుషుల్ని ఓడ దిగనివ్వలేదు. ఐదో రోజు ఆ ఓడలు తిరిగొస్తూ సగం దారిలో డాలు ఎత్తి చూపించాయి. లైసాండర్ దళం బయల్దేరింది. జెనోఫన్ మాటల్లో ఏథెన్స్ ఓడల్లో కొన్నిటికి రెండు వరసలే నిండాయి, కొన్నిటికి ఒకటే, కొన్ని పూర్తిగా ఖాళీ. మూడు వరసలూ నిండి బయటపడినవి సేనాని కోనన్ ఓడ, దానితో మరో ఏడు, పారలస్ అనే రాజ్య ఓడ.

వాలుబల్లెం

తర్వాతి కాలపు చరిత్రకారుడు డియొడోరస్ కథనం వేరు అని కూడా రాయాలి. ఆ రోజు అధికారం వంతు ఫిలోక్లీస్‌ది. 30 ఓడలతో ముందు బయల్దేరి మిగతావాళ్లను వెంట రమ్మన్నాడు. పారిపోయి వచ్చినవాళ్ల ద్వారా లైసాండర్‌కు ముందే తెలిసిపోయింది, ఫిలోక్లీస్‌ను తరిమి, ఇంకా ఎక్కుతూ ఉన్న మిగతా ఓడల మీద పడ్డాడు. నాకు ఇదే నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. అంత అనుభవం ఉన్నవాళ్లు ఐదు రోజులు ఒకే పని చేస్తూ కూర్చున్నారంటే నమ్మడం కష్టం.

కంచుముక్కు

రెండు కథనాల్లోనూ తెడ్లవాళ్లు ఓడల్లో లేరు అన్నదే ఉమ్మడి విషయం. మిగతాది సేనానుల తగువు. నేను జెనోఫన్ పక్షమే. సాయంత్రం వేళ గూఢచారి ఓడ, డాలు సంకేతం వంటి చిన్న వివరాలు ఊరికే పుట్టవు.

దక్షిణగాలి

తర్వాత ఏమైందో కొత్తవాళ్ల కోసం రెండు మాటల్లో చెప్పండి. ఈ భోజనం సమస్యను ఆ తర్వాత ఎవరైనా పరిష్కరించారా?

ద్రాఖ్మా

లైసాండర్ ఇతర నగరాల్లో చిక్కిన ఏథెన్స్ కాపలా దళాల్ని చంపకుండా నగరానికే పంపేశాడు, లోపల తినే నోళ్లు పెరిగితే త్వరగా లొంగుతారని. అయితే ఓడల్లో పట్టుబడిన ఏథెన్స్ పౌరుల్ని మాత్రం చంపించాడు, రచయిత ప్లూటార్క్ వాళ్ల సంఖ్య 3,000 అన్నాడు. పిరయస్ ముందు 150 ఓడలు నిలిపాడు. 404లో ఏథెన్స్ లొంగింది. కొరింథ్, థీబ్స్ నగరాన్ని నేలమట్టం చేయాలన్నాయి, స్పార్టా ఒప్పుకోలేదు. నగరాన్ని పిరయస్‌తో కలిపే పొడవు గోడలు కూల్చాలి, ఓడలు 12 మాత్రమే ఉంచుకోవాలి. కానీ తప్పించుకున్న కోనన్ సైప్రస్ చేరి, పదకొండేళ్లకు 394లో పర్షియా ఓడలతో క్నిడస్ దగ్గర స్పార్టా దళాన్ని పగలగొట్టాడు. 393లో పర్షియా డబ్బుతోనే ఏథెన్స్ గోడలు మళ్లీ లేపాడు. అదే వెండి, ఈసారి రెండో వైపుకు.

ఓడలెక్క

దక్షిణగాలి గారి రెండో ప్రశ్నకు జవాబు ఏథెన్స్ సేనాని ఇఫిక్రటీస్. క్రీ.పూ. 372లో ఏథెన్స్ దళాన్ని పెలొపొనీస్ చుట్టూ తిప్పి కోర్సైరా ద్వీపానికి తీసుకెళ్లాడు. పెద్ద తెరచాపలు ఇంట్లోనే వదిలేశాడు, గాలి బాగున్నా ఎక్కువగా తెడ్లతోనే నడిపించాడు. ప్రయాణమే సాధన అయింది. భోజనం వేళ అవుతుంటే దళాన్ని తీరం నుంచి దూరంగా తీసుకెళ్లి, ముక్కులు ఒడ్డు వైపు తిప్పి, సంకేతం ఇచ్చి పందెం పెట్టేవాడు. ముందు చేరిన ఓడకు ముందు నీళ్లు, ముందు తిండి. ఆఖరున వచ్చినవాళ్లు అన్నీ ఆఖరునే తెచ్చుకుని, బయల్దేరే సంకేతం రాగానే అందరితోపాటు పరుగెత్తాలి. శత్రుదేశంలో ఆగితే ఒడ్డున కాపలా పెట్టడమే కాక, ఓడల స్తంభాలు లేపి కొనల మీద మనుషుల్ని నిలబెట్టేవాడు, కింద నిలబడ్డవాడి కంటే చాలా దూరం కనపడుతుంది. రాత్రి శిబిరంలో మంటలు వేయనిచ్చేవాడు కాదు, శిబిరానికి ముందు కొంత దూరంలో వెలిగించేవాడు, ఆ వెలుగులో వచ్చేవాడు దొరికిపోతాడు.

ఏగోస్పొటామిలో లేనివి ఇవే. వీటిలో ఒక్కదానికీ డబ్బు అక్కర్లేదు.

ద్రాఖ్మా

జీతానికి మాత్రం ఆయనకూ డబ్బు లేదు. కోర్సైరా చేరాక సిరక్యూజ్ నుంచి స్పార్టా సాయానికి వస్తున్న పది ఓడల్ని పట్టుకునే పనిలో దిగాడు, బందీల విడుదల సొమ్ము కొంతకాలం ఆదుకుంది. అది చాలక తెడ్లవాళ్లలో ఎక్కువమందిని కోర్సైరా రైతుల పొలాల్లో కూలి పనికి పంపి పోషించాడు.